పూత చూపించి కాయ ధర!
సగంలో అమ్మే వీడియో ఆటలతో కొనేవారికి దక్కుతున్నదెంత?

మహమ్మద్‌నగర్: మామిడి తోటను పూత మీద గుత్తకు తీసుకునే వ్యాపారి, కాయ మీద తీసుకునే వ్యాపారి పెట్టినంత ధర పెట్టడు. పూత రాలవచ్చు. ఈదురుగాలికి పిందె నేలపాలు కావచ్చు. వడగండ్లు పడవచ్చు. ఆ నష్టభయాన్ని నెత్తికెత్తుకున్నవాడికి ధరలో ఆ మేరకు తగ్గింపు దొరకాలన్నది తోట యజమాని, వ్యాపారి ఇద్దరూ ఒప్పుకునే లెక్క. అంగట్లో చూడి బర్రెను బేరమాడే రైతు కూడా ఎన్నో ఈతదో, ఎన్ని నెలల చూడో అడిగి, పొదుగు చూసి, ఆ తర్వాతే నోటి నుంచి ధర రానిస్తాడు. పాలిచ్చే బర్రె ధర పోసి చూడి బర్రెను తోలుకువస్తే ఇంట్లోవాళ్లే నవ్వుతారు.

ఇంత లెక్క తెలిసిన ఇళ్లలోనే పిల్లలు వీడియో ఆటల పేరిట పూతకు కాయ ధర పోస్తున్నారు. సగం తయారైన ఆటను మొత్తం ధరకు అమ్మడం, మిగిలినది "త్వరలో" అనడం, ఆ త్వరలో ఏళ్లు గడిచినా రాకపోవడం ఇప్పుడు ప్రపంచమంతటా మామూలు వ్యాపారమైపోయింది. మహమ్మద్‌నగర్, నిజాంసాగర్, పిట్లం, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి కామారెడ్డికో హైదరాబాదుకో చదువుకు వెళ్లిన కుర్రాళ్ల కంప్యూటర్లకూ, ఊళ్లోనే ఉన్న పిల్లల సెల్‌ఫోన్లకూ ఈ వ్యాపారం దూరమేమీ కాదు. ఆటలు మంచివా చెడ్డవా అన్న చర్చ వేరు. పైసలు పెట్టి కొన్న సరుకు పూర్తిగా చేతికందుతున్నదా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

తెలియని పెద్దలకు ఒక్క మాట. కంప్యూటరులో, ఫోనులో ఆడే ఈ ఆటల్లో చాలావాటికి సినిమాకు ఉన్నట్లే కథ ఉంటుంది. ఆడేవాడే కథానాయకుడు. ఒక ఘట్టం గెలిస్తే తర్వాతి ఘట్టం తెరుచుకుంటుంది. పూర్వం ఆట మొత్తం ఒక డబ్బాలో పెట్టి అమ్మేవారు. ఇంటర్నెట్ వచ్చాక డబ్బా పోయింది. ఆటను ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కను "ఎపిసోడ్" అని అమ్మడం మొదలైంది. అది చాలదన్నట్టు, ఇంకా తయారవుతున్న ఆటను తయారీ మధ్యలోనే అమ్ముకునే "ఎర్లీ యాక్సెస్" అనే ఏర్పాటు వచ్చింది. కంప్యూటరు ఆటల్లో అతి పెద్ద దుకాణమైన స్టీమ్ దీన్ని 2013 మార్చిలో ప్రారంభించింది.

సీరియల్ మనకు కొత్త కాదు

కథను భాగాలుగా ఇవ్వడమే తప్పని ఎవరూ అనలేరు. వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివి పెరిగిన తరం ఇంకా ఊళ్లలో ఉంది. పోస్టు వచ్చే వేళకు గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నవారు ఉన్నారు. అయితే ఆ పత్రిక కొన్నవాడికి సీరియల్ ఒక్కటే కాదు, కథలు, కార్టూన్లు, వంటలు, వారఫలాలు కూడా దక్కేవి. సీరియల్ సగంలో ఆగినా ఇచ్చిన పైసలు వృథా అయ్యేవి కావు. "చందమామ"లో బేతాళ కథలు మరీ మంచి ఉదాహరణ. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడవడం నెలనెలా సాగుతూనే ఉంటుంది. కాని ఆ నెల బేతాళుడు చెప్పిన కథ ఆ నెలలోనే ముగుస్తుంది. చిక్కుప్రశ్నకు జవాబూ అక్కడే దొరుకుతుంది. పాఠకుడు వచ్చే నెల సంచిక కొనకపోయినా బాకీ ఏమీ మిగలదు.

ఒగ్గు కథ, బుర్రకథ మాటా అంతే. కథ రెండు మూడు రాత్రులు సాగితే సాగవచ్చు. మంగళం పాడకుండా ఊరు దాటిపోయిన దళానికి ఆ ఊళ్లో మళ్లీ చాప పరిచేవారుండరు.

సినిమావారూ ఇప్పుడు ఈ దారిలోనే ఉన్నారు. "బాహుబలి" మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి జనం 2017 ఏప్రిల్ 28 దాకా ఆగారు. జవాబు వచ్చింది కనుక ఎవరికీ కోపం లేదు. "పుష్ప" మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య 2021 డిసెంబరు నుంచి 2024 డిసెంబరు దాకా మూడేళ్లు పట్టింది. "సలార్" 2023 డిసెంబరులోనూ, "దేవర" 2024 సెప్టెంబరులోనూ మొదటి భాగమని పేరులోనే చెప్పి వచ్చాయి. టికెట్ కొనేవాడికి ముందే తెలుసు. 2024 జూన్‌లో వచ్చిన "కల్కి 2898 ఏడీ" పేరులో మాత్రం భాగం అన్న మాటే లేదు. కథ మధ్యలో తెర పడేసరికి ముందు తెలియనివారు కొందరు తెల్లబోయి లేచారు. చెప్పి సగం ఇవ్వడానికీ చెప్పకుండా సగం ఇవ్వడానికీ తేడా అక్కడ ఉంది. టికెట్ ధర రెంటికీ ఒకటే కావడం గమనార్హం.

ఏదీ మూడో భాగం?

ఆటల దగ్గరకు వస్తే ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. వాల్వ్ అనే అమెరికా కంపెనీ "హాఫ్ లైఫ్ 2" అనే పేరున్న ఆటకు కొనసాగింపుగా మూడు ఎపిసోడ్లు వస్తాయని చెప్పింది. మొదటిది 2006 జూన్‌లో, రెండోది 2007 అక్టోబరులో వచ్చాయి. రెండోది ఒక ముఖ్య పాత్ర చావుతో, ఏడుపుతో ఆగింది. మూడోది రానే లేదు. విసిగిపోయిన అభిమానులకు 2017లో ఆ ఆట కథ రాసిన మార్క్ లెయిడ్‌లా పేర్లు మార్చి కథాసంగ్రహం బయటపెట్టాడు. 2020లో అదే కంపెనీ మరో ఆట తెచ్చింది గాని, అది అంతకు ముందు జరిగిన కథ. అన్నట్టు ఈ వాల్వ్ కంపెనీయే పైన చెప్పిన స్టీమ్ దుకాణానికి యజమాని. దుకాణంవాడే మాట తప్పితే కొనుగోలుదారు ఎవరికి చెప్పుకోవాలి?

అయినా వాల్వ్ ఎపిసోడ్లను విడివిడిగా, పూర్తి ఆట కంటే తక్కువ ధరకు అమ్మింది. రెండు కొన్నవాడు రెంటికే పైసలిచ్చాడు. మూడోది రాకపోతే ఆశ పోయింది గాని జేబు పోలేదు. ఇది ఒప్పుకోవలసిన విషయం.

టెల్‌టేల్ అనే మరో అమెరికా కంపెనీ కథ వేరు. 2012లో "ది వాకింగ్ డెడ్" అనే ఆటను అయిదు ఎపిసోడ్లుగా ఇచ్చి, అయిదూ సక్రమంగా ముగించి మంచి పేరు తెచ్చుకుంది. ఆ పేరు మీదే 2018 ఆగస్టులో అదే ఆట చివరి భాగాన్ని నాలుగు ఎపిసోడ్లుగా మొదలుపెట్టి, నాలుగింటి ధర ముందే వసూలు చేసింది. మొదటి ఎపిసోడ్ వచ్చింది. రెండోది రావడానికి నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 21న, కంపెనీ తన ఉద్యోగుల్లో దాదాపు 250 మందిని ఒక్కరోజే ఇంటికి పంపింది. మిగిలినవారు పాతికమంది. రెండోది వచ్చింది, మూడు నాలుగు గాలిలో వేలాడాయి. చివరికి ఆ కథకు మూలమైన బొమ్మల పుస్తకాల రచయిత రాబర్ట్ కిర్క్‌మన్‌కు చెందిన స్కైబౌండ్ కంపెనీ ముందుకు వచ్చి, 2019 జనవరిలో మూడోది, మార్చిలో నాలుగోది పూర్తి చేసి ఇచ్చింది.

కొనుగోలుదారు గట్టెక్కాడు నిజమే. గట్టెక్కించినది ఒప్పందమూ కాదు, చట్టమూ కాదు. వేరెవరో పూనుకున్నందువల్ల గట్టెక్కాడు. అలాంటి దాత ప్రతి ఆటకూ దొరుకుతాడని చెప్పలేం కదా.

పూర్తికాని సరుకు, పూర్తి ధర

"ఎర్లీ యాక్సెస్" పద్ధతిలోనూ మంచి జరిగిన సందర్భాలున్నాయి. ఈనాటి పిల్లలందరికీ తెలిసిన "మైన్‌క్రాఫ్ట్"ను స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ అనే ఒక్క మనిషి 2009లో మొదలుపెట్టాడు. పెట్టుబడి లేదు. తయారవుతున్న ఆటనే అమ్మి, వచ్చిన పైసలతో ముందుకు సాగాడు. తొలి దశలో ధర 10 యూరోలకు అయిదు సెంట్లు తక్కువ. తర్వాత దశలో 15కు అయిదు సెంట్లు తక్కువ. 2011 నవంబరులో పూర్తయ్యాక 20కి అయిదు సెంట్లు తక్కువ. పూత మీద కొన్నవాడికి పూత ధర, కాయ మీద కొన్నవాడికి కాయ ధర. తోట గుత్తల లెక్క ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసింది. ఇంతకంటే న్యాయమైన అమ్మకం ఉండదు.

బెల్జియంలోని లారియన్ కంపెనీ "బాల్డర్స్ గేట్ 3" ఆటను 2020 అక్టోబరులో మొదటి అంకం మాత్రమే ఇచ్చి దాదాపు 60 డాలర్ల పూర్తి ధరకు అమ్మింది. మూడేళ్లు ఆగాక, 2023 ఆగస్టులో మాట నిలబెట్టుకుంది. ఆ సంవత్సరపు మేటి ఆటగా బహుమతులు కూడా వచ్చాయి. ఇది చూపించి "చూశారా, ముందు డబ్బు తీసుకోవడంలో తప్పేముంది" అనే కంపెనీలున్నాయి. మూడేళ్లపాటు మొత్తం ధర కంపెనీ దగ్గర, మూడోవంతు ఆట కొనుగోలుదారు దగ్గర ఉన్నాయన్నది మరిచిపోరాదు. అప్పిచ్చినవాడికి వడ్డీ ఉంటుంది. ఇతనికి ఏముంది? పంట బాగా పండిందని విత్తనాల కొట్టువాడి అడ్వాన్సు పద్ధతి మంచిదైపోదు.

పండనిదాని సంగతి చూద్దాం. "ది డే బిఫోర్" అనే ఆట 2023 డిసెంబరు 7న ఎర్లీ యాక్సెస్‌లో, 40 డాలర్ల వంతున అమ్మకానికి వచ్చింది. నాలుగు రోజులకు, డిసెంబరు 11న, తయారీ సంస్థ మూతపడుతున్నట్టు ప్రకటించింది. 2024 జనవరి 22న ఆట నడిచే సర్వర్లు ఆగిపోయాయి. కొన్నవారికి డబ్బు వాపసు ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

అసలు విడ్డూరం పెద్ద కంపెనీలది. పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ "సైబర్‌పంక్ 2077" అనే ఆటను 2012లో ప్రకటించి, ఎనిమిదేళ్లు ఊరించి, 2020 డిసెంబరు 10న విడుదల చేసింది. ఇది ఎర్లీ యాక్సెస్ కాదు. పూర్తయిందని చెప్పి అమ్మిన సరుకు. మన దేశంలో కంప్యూటరు ఆట ధర రూ. 2,999. విడుదలకు ముందు విమర్శకులకు కంప్యూటరు ఆటను మాత్రమే చూపించి, పాత తరం ప్లేస్టేషన్లలో అది ఎలా నడుస్తుందో చూడనివ్వలేదు. కొన్నవారు తెరిచి చూస్తే మనుషులు గాలిలో తేలడం, ఆట ఉన్నట్టుండి ఆగిపోవడం. వారం తిరిగేసరికి సోనీ సంస్థ తన దుకాణం నుంచి ఆ ఆటను తీసేసి డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చింది. 2021 జూన్‌లో గాని మళ్లీ పెట్టలేదు. అయినా మొదటి పది రోజుల్లో అమ్ముడైన ఆటలు కోటీ 30 లక్షలకు పైమాటే. తర్వాత మూడేళ్లపాటు మరమ్మతులు చేసి 2023 నాటికి దాన్ని మంచి ఆటగా నిలబెట్టారు. కాబట్టి ఆగి, తగ్గింపు ధరకు కొన్నవాడికి బాగుచేసిన ఆట దక్కింది. కంపెనీని నమ్మి మొదటిరోజే పూర్తి ధర పెట్టినవాడికి చెడిపోయిన ఆట దక్కింది. నమ్మినవాడికే నష్టం కావడం శోచనీయం.

పల్లెవాడి మీద ఇంకో భారం

పట్నంలో తీగ ఇంటర్నెట్ ఉన్నవాడికి మరమ్మతు అంటే రాత్రి మీట నొక్కి పడుకోవడమే. పల్లెలో అలా కాదు. పైన చెప్పిన సైబర్‌పంక్ ఆటకు కంప్యూటరులో 70 జీబీ చోటు కావాలని కంపెనీయే చెప్పింది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే సెల్‌ఫోన్ రీఛార్జి మీద అంత ఆటను దింపుకోవాలంటే 46 రోజులు దాటుతుంది, అదీ ఇంట్లో మరెవరూ ఫోను ముట్టకుండా ఉంటే. దింపుకున్నాక ఒక మరమ్మతు, దాని మీద ఇంకో మరమ్మతు. ఒక్కొక్కటీ జీబీల లెక్కే. సగం సరుకు కొన్నందుకు మిగతా సగాన్ని మోసుకొచ్చే బండి కిరాయి కూడా కొనుగోలుదారే పెట్టుకోవాలన్నమాట. నిజాంసాగర్ ఆయకట్టులో తూముకు దగ్గరి మడికీ చివరి మడికీ ఉన్న తేడా రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇదీ అలాంటిదే.

వాపసు గడువులు కూడా పల్లెకు అనుకూలంగా లేవు. స్టీమ్ దుకాణంలో కొన్న 14 రోజుల లోపు, ఆడినది రెండు గంటలకు మించకుండా ఉంటే అడిగిన వెంటనే వాపసు ఇస్తారు. 46 రోజులు దింపుకునేవాడికి 14 రోజుల గడువు దేనికి పనికివస్తుంది? పైగా 30 గంటల ఆటలో కథ మధ్యలో తెగిందన్న సంగతి మొదటి రెండు గంటల్లో తెలియదు. ఫోను ఆటలు అమ్మే గూగుల్ ప్లేలో మామూలుగా వాపసు అడిగే గడువు 48 గంటలు. అది దాటితే ఆట తయారీదారును అడుక్కోవాలి.

ఫోను ఆటలది మరో తీరు. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ వంటివాటికి ముగింపే ఉండదు. ఆట ఉచితమే. లోపల "డైమండ్లు", "యూసీ" అనే కృత్రిమ నాణేలు కొనాలి, "సీజన్" పాసులు కొనాలి. సీజన్ అయిపోతే పాసు విలువ అయిపోయినట్టే, మళ్లీ కొత్తది కొనాలి. తుపాకికి రంగు, బొమ్మకు చొక్కా. ఇవి ఎప్పటిదాకా చేతిలో ఉంటాయో ఎవరూ చెప్పరు. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించింది. అక్టోబరు 30న అది పూర్తిగా ఆగిపోయింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చినప్పుడు పాత సామానును కొత్త ఖాతాలోకి మార్చుకోనిచ్చారు. అదే ఆటను 2022 జులై 28న దుకాణాల నుంచి తీసేశారు. 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్ మీద 2022 ఫిబ్రవరి 14న నిషేధం పడింది. నిషేధాల మంచిచెడ్డలు ప్రభుత్వం చూసుకుంటుంది. ముందే పైసలు కట్టినవాడి సంగతి మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోతున్నది. ఈ పైసలు తండ్రి ఫోనులోని యూపీఐ నుంచే పోతాయి. ధాన్యం డబ్బు ఖాతాలో పడిన వారంలో పిల్లవాడి చేతిలో ఫోను ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

విత్తనానికి ఉన్న చీటీ ఆటకు ఏది?

రైతు కొనే విత్తనం సంచి మీద మొలక శాతం, స్వచ్ఛత, పరీక్ష తేదీ ఉండాలని 1966 నాటి విత్తన చట్టం నుంచీ నియమం ఉంది. సంచి విప్పకముందే రైతు చీటీ చూసి ప్రశ్నించగలడు. మొలవకపోతే ఆ చీటీయే సాక్ష్యం. ఆటకు అలాంటి చీటీ ఎందుకు ఉండకూడదు? ఈరోజు చేతికి వచ్చేది ఎంత, ఇంకా రావలసింది ఎంత, ఎప్పటిలోగా వస్తుంది, రాకపోతే ఎంత వాపసు, ఈ నాలుగు ముక్కలు కొనే మీట పక్కనే, తెలుగులో, కళ్లకు కనిపించే అక్షరాల్లో ఉండాలి. స్టీమ్ దుకాణం ఎర్లీ యాక్సెస్ ఆటల పేజీలో "ఇది పూర్తికాలేదు, ఇప్పుడున్న స్థితిలో నచ్చితేనే కొనండి" అన్న అర్థంలో హెచ్చరిక పెడుతున్నది. అంతవరకు మెచ్చుకోవాలి. అయితే ఆ హెచ్చరిక కొనేవాడిని జాగ్రత్తపడమంటున్నదే తప్ప అమ్మేవాడిని దేనికీ కట్టిపడేయడం లేదు.

చట్టాలు చేయలేనిదేమీ కాదు ఇది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి, డిజిటల్ సరుకు అమ్మేవారు "మీరు కొంటున్నది సొంత ఆస్తి కాదు, వాడుకునే అనుమతి మాత్రమే" అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అన్న మాట వాడరాదు. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అది డబ్బు పందెం పెట్టే ఆటలను నిషేధించింది. జూదం వల్ల కూలిన కుటుంబాలు ఎన్నో ఉన్నందున అది అవసరమే. కాని పందెం లేని మామూలు ఆటను సగంలో అమ్మి సొమ్ము చేసుకునేవారి జోలికి ఆ చట్టం పోలేదు.

చిన్న సంస్థలకు ముందు డబ్బు లేకపోతే ఆట తయారే కాదన్న వాదన ఉంది. హైదరాబాదులోనూ ఆటలు తయారుచేసే కుర్రాళ్లున్నారు, వారికి బ్యాంకులు అప్పివ్వవు. ఈ వాదన కొట్టిపారేయదగినది కాదు. వారు మైన్‌క్రాఫ్ట్ దారిలో తక్కువ ధరకు అమ్మి, పూర్తయ్యాక పెంచుకుంటే ఎవరూ అభ్యంతరపెట్టరు. వందల కోట్ల కంపెనీకి మాత్రం ఈ వాదన వర్తించదు.

చట్టం వచ్చేదాకా ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. 2020 జులై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటన నేరం. లోపమున్న సరుకుకు పరిహారం అడగవచ్చు. అదే ఏడాది వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇంటర్నెట్ దుకాణంవారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలు మీద ఫిర్యాదుకు రుసుము లేదు. కంపెనీ ఎక్కడున్నా, ఫిర్యాదుదారు తానుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. పద్దెనిమిదేళ్లు నిండనివారితో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతున్నది కనుక, పిల్లవాడు మీట నొక్కినంత మాత్రాన తండ్రి నోరు మూసుకోవలసిన పని లేదు. అయితే 48 గంటల గడువు దాటకముందే అడగాలి. కొన్ననాడు తెరమీద కంపెనీ ఏమేమి ఇస్తానని రాసిందో ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోవాలి. వాగ్దానం ఉన్న పేజీని కంపెనీ ఎప్పుడైనా మార్చగలదు, ఫోటోను మార్చలేదు.